మచ్చలు తక్కువైన కుందేలు

అమెరికాలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మేం అద్దెకున్న టౌన్‌హోమ్ వెనక వరసగా పైన్ చెట్లు, వాటి వెనక ఒక పాత ఇల్లు ఉండేవి. చుట్టుపక్కల స్థలాలన్నీ బిల్డర్లు కొనేసి కొత్త ఇళ్ళు కట్టినా, ఆ ఇంటాయన మాత్రం తన ఇల్లూ, వెనకున్న రేకుల షెడ్డూ అమ్మలేదు. డెబ్భై దాటిన అమెరికన్, ఒంటరి మనిషి. ఎదురుపడితే చెయ్యి ఊపడం తప్ప మా మధ్య మాటల్లేవు. షెడ్డులోంచి ఎండుగడ్డి వాసన, ఫ్యాన్ల చప్పుడు వచ్చేవి. లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

"అండ్ల ఏదో ఉన్నది. లేకుంటే పొద్దంత ఫ్యాన్లు ఎందుకు తిరుగుతయ్?" అనేవాడు మా ఆయన. ఆయనది వరంగల్ వైపు, మాది గుంటూరు. అనుమానం విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే జిల్లా.

నాకప్పుడు హెచ్-ఫోర్ వీసా, ఆయన ఉద్యోగం వల్ల భార్యగా నాకొచ్చింది. ఆ వీసా మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం చేసే వీలు ఆ రోజుల్లో లేదు. హైదరాబాద్‌లో ఆరేళ్ళు పనిచేసి వచ్చినదాన్ని, ఇక్కడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఎవరి కారు ఎప్పుడొచ్చింది, ఎవరి గరాజ్ తలుపు ఎందుకు తెరిచి ఉంది అని చూస్తూ గడిపేదాన్ని. పనిలేని బుర్రకి లోకమంతా ఏదో దాస్తున్నట్టే కనబడుతుంది.

ఒక ఏప్రిల్ సాయంత్రం, అప్పుడు మూడో క్లాసులో ఉన్న మా అమ్మాయి పెరట్లోంచి పిలిచింది.

"అమ్మా, మన కొత్తిమీరలో డాగ్ ఉంది. ఇట్స్ ఈటింగ్."

వెళ్ళి చూస్తే కుక్క కాదు, కుందేలు. అంత పెద్ద కుందేలుని నేనెప్పుడూ చూడలేదు. బలిసిన పిల్లికన్నా పెద్దది. తెల్లటి ఒళ్ళు, నల్లటి చెవులు, కళ్ళ చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి వలయాలు. వెన్ను పొడవునా ఒక నల్లటి చార, పక్కల మీద సిరా చిలకరించినట్టు మచ్చలు. మమ్మల్ని చూసి కదల్లేదు. నమలడం కూడా ఆపలేదు.

వెనకింటాయన పైన్ చెట్ల మధ్యనుంచి రొప్పుతూ వచ్చాడు. సారీ చెప్పి, ఒక చెయ్యి దాని ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకకాళ్ళ కింద పెట్టి ఎత్తి, ఒంటికి ఆనించుకున్నాడు.

"వెనకకాళ్ళు గాల్లో వేలాడనివ్వకూడదు," అని మా అమ్మాయికి చూపించాడు. "భయపడి తన్నుకుందంటే తన నడుం తనే విరగ్గొట్టుకుంటుంది. ముక్కు మీద చూడు, ఏం కనబడుతోంది?"

"బటర్‌ఫ్లై," అంది మా అమ్మాయి.

నిజంగానే ముక్కుకి రెండు పక్కలా రెక్కలు విప్పినట్టు నల్లటి మచ్చ ఉంది. వీటి పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి వచ్చాయనీ, అక్కడ ఈ జాతిని సీతాకోకచిలుక పేరుతోనే పిలుస్తారనీ, ఇక్కడ మాత్రం చెకర్డ్ జెయింట్ అంటారనీ చెప్పాడు. షెడ్డులో ఇంకా చాలా ఉన్నాయి, వచ్చి చూడమన్నాడు.

ఒంటరి ముసలాయన ఆడపిల్లని షెడ్డులోకి రమ్మంటే ఏ తల్లి మాత్రం ఊరుకుంటుంది. నేనూ వెంట వెళ్ళాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత ప్రతిసారీ వెళ్ళాను. ఆయన లోపల కుర్చీ వేసేవాడు. నేను మాత్రం తలుపు దగ్గర బోర్లించిన బకెట్ మీద కూచునేదాన్ని. అక్కడినుంచి ఆయన చేతులు కనబడతాయి.

షెడ్డు లోపల శుభ్రంగా ఉండేది. ఒక్కో కుందేలుకి ఒక చిన్న గదంత చోటు, అడుగున చెక్క పలకలు. ఇంత బరువున్న జంతువు ఎప్పుడూ పంజరం తీగల మీద నిలబడితే అరికాళ్ళు పుళ్ళు పడతాయట. తొట్లనిండా ఎండుగడ్డి. వేడికి తట్టుకోలేవు కాబట్టి ఫ్యాన్లు. రోజూ కాసేపు వాటిని కంచె వేసిన చోట వదిలితే, నడుం విల్లులా వంచి కుక్కల్లా పరిగెత్తేవి. గోడమీద వరసగా షోల్లో, అంటే కుందేళ్ళ పోటీల్లో, గెలిచిన రిబ్బన్లు. అంతా ఇంత సవ్యంగా ఉండేసరికి నాకు ఇంకా అనుమానం పెరిగింది. ఇన్ని కుందేళ్ళు పిల్లలు పెడుతూ ఉంటే, పిల్లలన్నీ ఎక్కడికి పోతున్నాయి?

జవాబు అడక్కుండానే దొరికింది. ఒక వారం ఆయన ఒక చెక్కపెట్టెలో ఎండుగడ్డి, తల్లి పీకి పరిచిన బొచ్చు పక్కకి తప్పించి అప్పుడే పుట్టిన పిల్లల్ని చూపించాడు. గులాబీరంగు చర్మం, మూసుకున్న కళ్ళు. బొచ్చు ఇంకా రాకపోయినా ఎక్కడెక్కడ మచ్చలు వస్తాయో చర్మం మీద ముందే తెలుస్తోంది. కొన్నిటికి నిండా మచ్చలు, కొన్ని పూర్తిగా నల్లవి. రెండు మూడు మాత్రం దాదాపు మచ్చలే లేకుండా ఉన్నాయి. మరుసటి వారం వెళ్ళేసరికి ఆ మచ్చల్లేనివి పెట్టెలో లేవు.

"వేర్ ఆర్ ద వైట్ వన్స్?" అంది మా అమ్మాయి.

ఆయన మాకు వీపు పెట్టి నీళ్ళసీసా నింపుతున్నాడు. "బతకలేదు," అన్నాడు.

"ఎందుకని?"

"పుట్టుకతోనే బలహీనం."

బకెట్ మీద కూచుని ఆ వీపునే చూస్తూ ఉండిపోయాను. జబ్బుకి కళ్ళుంటాయా, మచ్చలు చూసి మరీ రావడానికి? ఇంటికొచ్చాక మా ఆయనతో అంటే, "అవ్వి తినేటోళ్ళకు అమ్ముతుండు కావచ్చు" అన్నాడు. వేలెడంత పిల్లల్ని ఎవరు తింటారు అన్నాను. "మరి ఏం చేస్తుండు?" అన్నాడు. నాకు తోచిన జవాబు నోటితో అనలేకపోయాను.

అక్కడికి వెళ్ళడం మానేద్దామంటే అమ్మాయి వినలేదు. నేనూ మానలేకపోయాను, నిజం తేల్చుకోవాలన్న పట్టుదల. గుంటూరు నుంచి మా అక్క ఫోన్ చేసేది ఆ వేళకే. షెడ్డులో సిగ్నల్ ఉండదు, పైన్ చెట్ల కింద నిలబడి మాట్లాడేదాన్ని, చూపు మాత్రం తలుపు మీదే. ఎండాకాలంలో ఇంకో కుందేలు పిల్లలు పెట్టింది. వాటిలోనూ మచ్చల్లేనివి పుట్టాయి. ఈసారి వాటిలో ఒకటి మిగిలింది. వారాలు గడిచినా అది పెట్టెలోనే ఉంది. అన్నిటినీ మాయం చేసినవాడు దీన్ని ఎందుకు ఉంచాడు? అదీ నాకు అనుమానంగానే తోచింది.

అక్టోబరులో ఒక రోజు ఆయనే మా ముందు తలుపు కొట్టాడు. చేతిలో ఆ కుందేలు. బాగా ఎదిగింది. చెవులు, కళ్ళ వలయాలు నల్లగా ఉన్నాయి కానీ ఒంటి మీద ఎక్కడో ఒకటి రెండు చుక్కలు. ముక్కు మీద సీతాకోకచిలుక లేదు, సగం గీసి వదిలేసిన మీసంలా చిన్న మచ్చ. మా అమ్మాయికి ఇస్తానన్నాడు. డబ్బులు వద్దన్నాడు.

"కొన్ని సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి," అన్నాడు. "ఎప్పుడూ ముందర గడ్డి ఉండాలి. బ్రెడ్డు, పళ్ళు, బిస్కెట్లు అసలు పెట్టొద్దు. దీనికి పిల్లలు పుట్టనివ్వొద్దు. తినడం మానేసిందంటే ఒక్క పూట కూడా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి."

"దీనికేమైనా జబ్బా?" అన్నాను.

"ఇవాళ బాగానే ఉంది," అన్నాడు.

ఆ 'ఇవాళ' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన వెళ్ళాక మా ఆయన కుందేలు చుట్టూ ఒకసారి తిరిగాడు, పాత కారు కొనేవాడు తిరిగినట్టు.

"ఊకెనే ఇస్తున్నడంటే ఏదో మతలబు ఉన్నది," అన్నాడు. "వాపస్ ఇచ్చెయ్."

మా అమ్మాయి అప్పటికే దాన్ని ముసలాయన నేర్పినట్టుగా రెండు చేతులతో ఎత్తి గుండెకి హత్తుకుని ఉంది. మా ఇద్దరివైపు చూసింది. ఇక ఎవరం వాపసు ఇవ్వగలం.

హాల్లో ఒక మూల దానికి కంచె కట్టాం. ట్రేలో దొడ్డికి వెళ్ళడం వారంలో నేర్చుకుంది. మా ఆయన ల్యాప్‌టాప్ ఛార్జర్ని మాత్రం అంతకన్నా ముందే కొరికేసింది. అలికిడైతే వెనకకాలితో నేలని దబ్‌మని కొట్టేది, కింద ఎవరో సుత్తితో బాదినట్టు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌కి వచ్చిన స్నేహితుల్లో ఒకాయన, "ఇంత కుందేలు ఊళ్ళో అయితే రెండు కుటుంబాలకి కూరవుతుంది" అని నవ్వాడు. మా అమ్మాయి కంచె ముందు కూచుని, ఆ అంకుల్ వెళ్ళేదాకా లేవలేదు.

అది బాగా తినేది. అయినా నిమిరితే వెన్నుపూస చేతికి తగిలేది. పెంటికలు కుందేలు పెంటికల్లా గుండ్రంగా, ఎండుగా ఉండేవి కావు. ఒక్కోసారి నానబెట్టిన చింతగింజల్లా పెద్దవిగా, మెత్తగా, వంకరగా ఉండేవి. ఇంటర్నెట్‌లో చదివితే తిండి సరిగ్గా లేకపోతే అలా వస్తాయని ఉంది. గడ్డి, కాస్త కొత్తిమీర తప్ప నేనేమీ పెట్టడం లేదు. అంటే నాకు తెలియకుండా ఎవరో పెడుతున్నారు. ముందు మా ఆయన్ని అనుమానించాను. టీవీ చూస్తూ జంతికలు నమిలే మనిషి, ఒక ముక్క అటు విసరడని ఏముంది?

"నేనెందుకు పెడత? నా మురుకులే నాకు సాల్తలెవ్వు," అన్నాడు.

తర్వాత అమ్మాయిని అడిగాను.

"నేను ఏం పెట్టలేదు అమ్మా. ప్రామిస్."

సోఫా కింద ఊడుస్తుంటే, అమ్మాయి పొద్దున పాలల్లో వేసుకునే సీరియల్ గింజలు కనబడ్డాయి. నిలదీస్తే, తను తింటుంటే పడ్డాయంది. నేను నమ్మలేదు. జంతికల డబ్బా, సీరియల్ డబ్బా రెండూ పై అరలో పెట్టేశాను. కుందేలు తీరు మాత్రం మారలేదు. మనిషికీ మనిషికీ మధ్య ఆ కొన్ని నెలలు మా ఇంట్లో మాట కాస్త తగ్గింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున కొత్తిమీర పెడితే ముట్టుకోలేదు. ఒళ్ళంతా ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు కొరుకుతూ కూచుంది. పొట్ట డోలులా బిగుసుకుంది. ముసలాయన చెప్పిన మాట గుర్తొచ్చి వెంటనే బయల్దేరాం. కుందేళ్ళకి వైద్యం చేసే డాక్టర్ పక్క నగరం రాలీలో దొరికింది. మా ఆయన డ్రైవ్ చేస్తుంటే, వెనకసీట్లో అమ్మాయి ఒళ్ళో తువ్వాలు పరిచి, దాని మీద కుందేలుని పెట్టుకుని దారంతా పొట్ట నిమురుతూనే ఉంది.

డాక్టర్ నడివయసు ఆవిడ. ముందు పొట్ట తడిమింది, తర్వాత ఒంటి మీద ఉన్న ఆ కాసిని చుక్కల్ని చూసింది.

"ఇది మీకు ఎవరిచ్చారు?" అంది.

పెంచే ఆయనే ఇచ్చాడన్నాను. ఆవిడ ఎక్స్‌రే తీయించి, మందులిచ్చి, సెలైన్ ఎక్కించాక మమ్మల్ని కూచోబెట్టి చెప్పింది. మచ్చల కుందేళ్ళు రెండిటిని జతచేస్తే పిల్లల్లో కొన్ని నిండు మచ్చలతో, కొన్ని పూర్తి నల్లగా, కొన్ని ఇలా దాదాపు తెల్లగా పుడతాయి. మచ్చల గుణం తల్లినుంచీ తండ్రినుంచీ రెండువైపులా వచ్చినవి ఈ తెల్లవి. వీటిని పెంపకందార్లు చార్లీలు అంటారు. చాలావాటికి పుట్టుకతోనే పేగులు సరిగ్గా కదలవు. తిన్నది ఒంటికి పట్టదు, ఒక్కోసారి లోపలే ఆగిపోతుంది.

"అయితే మేం పెట్టిన తిండివల్ల కాదా?" అన్నాను.

"కాదు. మీరు సరిగ్గా చూసుకోబట్టే ఇన్నాళ్ళు ఉంది."

మా ఆయన నావైపు చూశాడు. అమ్మాయి చూడలేదు.

"ఆయనకి ఈ సంగతి తెలిసే ఇచ్చి ఉంటాడా?"

"ఈ జాతిని పెంచేవాళ్ళకి పుట్టిన రోజే తెలుస్తుంది, మచ్చలు చూస్తేనే. చాలామంది వీటిని ఉంచుకోరు," అంది ఆవిడ. ఇంకా ఏదో అనబోయి అమ్మాయిని చూసి ఆగింది. మచ్చలదాన్ని నల్లదానితో జతచేస్తే ఇలాంటివి పుట్టవు అని మాత్రం చెప్పింది.

కుందేలు కోలుకుంది. ఇంటికి తెచ్చిన మర్నాడు, అమ్మాయి స్కూల్లో ఉన్నప్పుడు, ఒక్కదాన్నే షెడ్డుకి వెళ్ళాను. ఆయన ట్రేలు కడుగుతున్నాడు. బకెట్ మీద కూచోలేదు, లోపలిదాకా వెళ్ళి నిలబడ్డాను.

"మీకు ముందే తెలుసు కదా," అన్నాను.

ఆయన బ్రష్ కింద పెట్టాడు. "తెలుసు. ఎలా ఉంది?"

"బతికింది. ఆ తెల్లపిల్లల్ని మీరే చంపేవారు కదా."

"నేనే." దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు. "మా నాన్న నీళ్ళబకెట్‌లో ముంచేవాడు. నేను అంత బాధ పెట్టను, క్షణంలో అయిపోతుంది. పెంచితే చాలావరకు ఏడాది తిరక్కుండానే పొట్ట బిగిసి నొప్పితో పోతాయి. అలా పోవడం నేను చూశాను."

"మచ్చలదాన్ని నల్లదానితో కలిపితే ఇలాంటివి పుట్టవట."

"పుట్టవు. సగం పిల్లలు ఒట్టి నల్లవి పుడతాయి, వాటిని షోకి తీసుకెళ్ళలేం. మచ్చలు కూడా నేను కోరినంత తీరుగా రావు."

నేను గోడమీది రిబ్బన్లు చూశాను. ఆయన చూడలేదు.

"మరి మాకిచ్చినదాన్ని ఎందుకు ఉంచారు?"

ఆయన ట్రేలో నీళ్ళు వంచి, దాన్ని గోడకి ఆనించి, చేతులు తుడుచుకున్నాడు.

"మీ పాప అడిగింది కదా, తెల్లవి ఏమయ్యాయని. ఆ తర్వాత అన్నిటినీ చంపడానికి చెయ్యి రాలేదు."

"ఆ మాట మాకు చెప్పి ఇవ్వాల్సింది."

"చెబితే తీసుకునేవారా?"

తీసుకునేవాళ్ళం కాదు. వెనక్కి తిరిగి వచ్చేశాను. దారిలో పైన్ చెట్ల దగ్గర ఆగి ఆలోచించాను. చెయ్యి రాలేదన్న మాట నిజమా, నా కోపం చల్లార్చడానికి అన్నదా? అంతకుముందు ఎన్నోసార్లు వచ్చిన చెయ్యి ఒక పిల్ల అడిగిందని రాకుండా పోతుందా? ఎక్కడో ఒక ముక్క చెప్పకుండా మింగాడనిపించింది. ఆ ముక్క ఏమిటో మాత్రం తెలియలేదు.

అమ్మాయికి ఇంకేమీ చెప్పకూడదనుకున్నాం నేనూ మా ఆయనా. కుందేలుకి పుట్టుకతో వచ్చిన జబ్బన్నది డాక్టర్ చెప్పగా తను విన్నదే. చంపేవాడన్న సంగతి మా ఇద్దరి మధ్యే ఉంచాం.

మరుసటి వసంతంలో షెడ్డులోకి పూర్తి నల్లటి మగకుందేలు ఒకటి వచ్చింది. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో మచ్చలవి, నల్లవి ఉన్నాయి, తెల్లవి లేవు. నేను నమ్మలేదు. వెళ్ళిన ప్రతిసారీ పెట్టెలో ఎన్ని ఉన్నాయో చూసుకునేదాన్ని, మళ్ళీ వెళ్ళినప్పుడు సరిపోయాయో లేదో చూసేదాన్ని. ఆయనకి అర్థమైంది. తర్వాత్తర్వాత నేను అడక్కముందే పెట్టె మీది గడ్డి పక్కకి తీసి, లెక్క చూసుకునేదాకా నిలబడేవాడు. ఆయన కోపం తెచ్చుకోలేదు, నేనూ సిగ్గుపడలేదు. ఒకసారి ఒక మచ్చలపిల్ల తగ్గితే, అడిగాను. పైన్ చెట్టు మొదట్లో తవ్విన కొత్త మట్టి చూపించి, తల్లి తొక్కేసిందన్నాడు. ఆ మట్టి వైపు చాలాసేపు చూశాను. చివరికి నమ్మాను.

మా కుందేలు ఏడాది అనుకున్నది నాలుగేళ్ళు ఉంది. గడ్డి, నీళ్ళు, పొద్దునా సాయంత్రం పొట్ట నిమరడం, పొట్ట బిగిసినప్పుడల్లా రాలీ. ఈ పనులన్నీ ఎక్కువగా అమ్మాయే చేసింది. రాత్రి స్నేహితుల ఇళ్ళల్లో పడుకునే స్లీపోవర్‌లకి కూడా వెళ్ళేది కాదు. చివరిసారి మందులు పనిచేయలేదు. డాక్టర్ బల్ల మీదే, అమ్మాయి చెయ్యి దాని మీద ఉండగానే పోయింది.

కారులో తిరిగొస్తూ, ఇక చెప్పాల్సిన వయసొచ్చిందనిపించి, వెనక్కి తిరిగి మెల్లగా మొదలుపెట్టాను. ఆ తెల్లపిల్లలు ఉండేవి చూడు, అవి వాటంతటవి పోలేదు అని.

"ఐ నో, అమ్మా," అంది. "ఆయన నాకు చెప్పాడు. లాంగ్ బ్యాక్."

"ఎప్పుడు?"

"థర్డ్ గ్రేడ్‌లో. నువ్వు బయట పెద్దమ్మతో ఫోన్‌లో ఉన్నావు. నేను మళ్ళీ అడిగాను, దెన్ హీ టోల్డ్ మీ. నేను ఏడ్చాను కొంచెం. నెక్స్ట్ టైమ్ ఒకటి ఉంచు, నేను తీసుకుంటా అని చెప్పాను. ఆయన అన్నాడు, ఇట్ విల్ గెట్ సిక్, యూ విల్ హావ్ టు వర్క్ అని. నేను ఓకే అన్నాను."

మా ఆయన అద్దంలోంచి వెనక్కి చూశాడు. "మరి మాకెందుకు చెప్పలే?"

"మీరు వద్దు అంటారు కదా. అమ్మకి చెప్పొద్దు అని ఆయన్ని నేనే అడిగాను."

ఆ బకెట్ మీద కూచుని నేను ఆయన చేతుల్నే చూస్తూ ఉన్నాను, ఇంట్లో మొగుడి మీదా కూతురి మీదా తిండి దొంగల్లా నిఘా పెట్టాను. వీళ్ళిద్దరూ మాట్లాడుకున్న ఆ ఒక్క మాట మాత్రం నా కంటపడలేదు. నేను నిలదీసిన రోజున కూడా ఆయన తన నేరం మొత్తం ఒప్పుకుని, పిల్లకిచ్చిన మాట ఒక్కటీ దాచుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత మేం దగ్గర్లోని కేరీ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని మారిపోయాం. వెళ్ళేముందు అమ్మాయి షెడ్డుకెళ్ళి, ఒక నల్లపిల్లని రెండు చేతులతో పొదువుకుని తెచ్చింది. ఒంటి మీద ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. షోకి పనికిరానిది, డబ్బులు వద్దన్నాడట. నల్లవాటికి ఆ జబ్బు ఉండదని రాలీ డాక్టర్ చెప్పింది. కేరీకి వెళ్ళాక ఇంకో డాక్టర్‌ని కూడా అడిగాను.